రాయబారికి బలమెయ్యది?
(సాలారుజంగు, అంద్రాషి చరిత్రముల తారతమ్య విమర్శనము)

1

దూతలక్షణమును మన పూర్వులు విపులముగా విచారించిరి. కౌటిల్యుఁడు తన అర్థశాస్త్రమున దూతలను మూఁడు తెగలుగా విభజించినాఁడు. అమాత్యునకుఁ జెప్పిన గుణములన్నియు నిండుగాఁ గలవాఁడు నిసృష్టార్థుఁడు. అందు నాలవపాలు కొఱవడినవాఁడు పరిమితార్థుఁడు. సగము కొఱవడినవాఁడు శాసనహరుఁడు. మొదటివాఁడు సమయమెఱిఁగి కార్యమును తానే నిర్ణయింపఁగలవాఁడు. రెండవవాఁడు తనకు విధించిన మేరకు మాత్రమే మాటలాడువాఁడు. మూఁడవవాఁడు ఏలినవాని పత్త్రమును జేర్చి ప్రత్యుత్తరమును గొనివచ్చువాఁడు. అర్థశాస్త్రమును 1909 లో శామశాస్త్రిగారు మైసూరునఁ బ్రకటించినది మొదలు ఈ విభాగము మన పండితులకు సుపరిచితమైనది.

ఈ విభాగమునకు మూలము దూతయొక్క వ్యక్తిగుణము. గుణమెంతయో అధికారము నంత. ఈ సూత్రము అన్ని కాలములందును నిలుచునా? ఉత్తమగుణములన్నియుఁ గలిగియు, తన్నుఁ బంపిన ప్రభువునకు బలము లేనికతన శాసనహరుని స్థితికి దిగిపోయినవారు లేరా? గుణమునకుఁ దోడు వెనుక నొక దేశసభ నిలిచియుండుటచేత ఘనకార్యములను సాధించి, ఆ సాధించిన దానిచేతనే దేశమునకుఁ గీడు దెచ్చినవారు లేరా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై పందొమ్మిదవ శతాబ్దమునందలి కులీనులగు రాజనీతిజ్ఞుల నిరువురను సరిపోల్చి చూచుట యీ వ్యాసమున కుద్దేశము. ఒకఁడు హైదరాబాదు దివానగు మొదటి సాలారుజంగు (1829–1883). వేఱొకఁడు హంగరి దేశపుఁ గౌంటు గ్యూలా అంద్రాషి (1823–1890). కౌంటనునది ఆ దేశమున నాఁడు దరతరముల భూస్వామ్యముగల కులీనులకుఁ జెల్లుచుండిన బిరుదము. ఇరువురును సమకాలికులు, ఇరువురి ప్రధానకార్యములును ఒకే ఆంగ్లమంత్రి చేతిలో ఒకే సంవత్సరమున తేలిపోయినవి. ఈ విశేషమే యీ పోలికకుఁ బ్రేరకము.

2

నగరిలోఁ గూర్చుండి వ్రాయువానికి ఇది దూరదేశపుఁ బ్రశ్న కాదు. చిత్తూరు జిల్లా పూర్వరూపమున రెండు సంధిపత్త్రములు కలిసిన భూమి. నగరి, కార్వేటినగరము మొదలగు ప్రదేశములు 1801 లో ఆర్కాటు నవాబు చేసిన సంధివలనఁ గుంపినీవారి పాలైనవి. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు అంతకు ముందటి యేఁడు, 1800 లో, నిజాము చేసిన సంధివలన వారికిఁ జెందినవి. తన రాజ్యమున నిలిపిన కుంపినీసేనకు వ్యయము చెల్లించుటకు బదులుగా నిజాము ఈ భూములను ధారపోసెను. దత్తమండలములను పేరు అట్లు వచ్చినది. 1928 లో నంద్యాలలోఁ జిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరును సూచించువఱకు ఆ పేరే చెల్లుచుండెను. ఈ రెండు భాగములును 1911 లో నొక జిల్లాగాఁ గూర్పఁబడినవి.

సేనవ్యయమునకు బదులు భూమినిచ్చుట యను ఈ పద్ధతియే అర్ధశతాబ్దము గడచినపిదప బేరారు విషయమున మఱల జరిగినది. 1853 మే 21వ తేదీని చేయఁబడిన సంధివలన, హైదరాబాదు కంటింజెంటను సేన జీతములకును, పేరుకొనిపోయిన ఋణమునకును హామీగా బేరారు మండలము ఆంగ్లేయుల యేలుబడికిఁ బోయెను. దత్తమండలములను మఱల నిమ్మని నిజాము పక్షమున గట్టిగా నడిగినవారు లేరు. బేరారు నిమ్మని అడిగినవాఁడు గలఁడు. ఆతఁడే సాలారుజంగు. కావున అతని ప్రయత్నమును విమర్శించుట మన సీమ చరిత్రమునందలి మూఁగతనమును విమర్శించుటయుఁ గూడ నగును.

3

మీర్ తురాబ్ అలీఖాను, సాలారుజంగను బిరుదముచేతఁ బ్రసిద్ధుఁడు, 1829 జనవరి 21వ తేదీని జన్మించెను. మంత్రిత్వము ఆ వంశమునకు దాదాపుగాఁ బిత్రార్జితము. అతని తాతయగు మునీరుల్‌ముల్కు హైదరాబాదు మంత్రి. ఆ మునీరుల్‌ముల్కునకు మామ మీరాలము. టిప్పూసుల్తానుతో 1792 లో శ్రీరంగపట్టణమున సంధి జరిగినపుడు నిజాము పక్షమున మాటలాడినవాఁడును, 1799 యుద్ధమున నిజాము సేనతో నడచినవాఁడును ఈ మీరాలమే. ఆ యుద్ధముల ఫలముగా నిజాము సంపాదించిన భూములే తరువాత దత్తమండలములైనవి. ముత్తాత సంపాదించినదానిని ప్రభువు ధారపోసెను. ప్రభువు కుదువపెట్టినదానిని మునిమనుమఁడు విడిపింపఁ జూచెను.

1853 లో మంత్రిగా నున్నవాఁడు సాలారుజంగు పినతండ్రి సిరాజుల్‌ముల్కు. బేరారు సంధి జరిగిన కొలఁది దినములకే అతఁడు మరణించెను. ఆ నెల చివర, ఇరువదినాలుగేండ్ల వయస్సున, సాలారుజంగు దివానుపదవి నందెను. ఖజానా శూన్యము, అప్పులు కొండలు, తాలూకాలు శిస్తు గుత్తదార్ల చేతులలో నుండెను, అరబ్బు, రొహిల్లా జమాదార్లు రాజ్యమునకు ఋణదాతలై తమకుఁ దోఁచినట్లు వసూళ్లు చేయుచుండిరి. ఆతఁడు గుత్తలను మానిపించి జీతగాండ్ర నియమించెను. 1860 దశకమున జిల్లాబందీ యను పేర రాజ్యమును జిల్లాలుగా విభజించి తాలూకుదార్లను నిలిపెను. 1874 లో వాడినుండి సికింద్రాబాదునకు రైలుమార్గము వచ్చినది. ఇవి అతని పరిపాలనచరిత్రమునకుఁ జెందినవి. వీనిని ఇంతటితో విడుచుచున్నాను. దౌత్యమునకు వీనితోఁ గల సంబంధము ఒక్కటే: అప్పులపాలైన యింటివాఁడు పొరుగువానితో తలయెత్తి మాటలాడఁజాలఁడు. దివాను మొదట ఇల్లు చక్కఁబెట్టుకొని పిదప నోరు విప్పెను.

1857 వచ్చినది. ఆ జూలై 17వ తేదీని తుర్రెబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీను మున్నగువారు కోఠీలోని రెసిడెన్సీపైఁ బడిరి. సాలారుజంగు ఆంగ్లేయుల పక్షముననే నిలిచెను. ఈ నిర్ణయమును గుఱించి నేఁటికిని రెండు తలంపులు గలవు. నేఁడు తుర్రెబాజుఖానును వీరుఁడని స్మరించు పుర మదియే. విమర్శకుఁడు రెండింటిని నెదుటఁ బెట్టుకొని చూడవలెను. దివానుయొక్క లెక్క యిది: యుద్ధమున నిలుచు బలము తనకు లేదు, స్నేహమును నిలుపుకొనినచో, ఆ స్నేహమును ఋణముగాఁ జూపి బేరారు నడుగవచ్చును. అనఁగా అతఁడు ఖడ్గమునకు బదులు ఎదుటివాని కృతజ్ఞతను ఆయుధముగాఁ గైకొనెను. ఇదియే అతని దౌత్యమంతటికిని బీజము. దాని వైఫల్యమునకును ఇదియే బీజము.

కృతజ్ఞతకు ఫలము 1860 సంధియందుఁ గనఁబడినది. ఏఁబది లక్షల ఋణము కొట్టివేయఁబడెను. రాయచూరు అంతర్వేదియు, ధారాశివమును మఱల నిజామునకు వచ్చెను. సురపురము అతని రాజ్యమునఁ జేర్పఁబడెను. బేరారు మాత్రము ఆంగ్లేయుల చేతనే నిలిచినది. అంతేకాక గోదావరికి ఎడమ గట్టునఁ గల తాలూకాలను నిజాము వదలుకొనవలసివచ్చెను. అందు భద్రాచలము, రేకపల్లె గలవు. అవి మొదట మధ్యపరగణాలలోను, 1874 నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలోను ఉండెను. 1959 లో ఖమ్మము జిల్లాలోఁ జేరెను. 2014 లో ఆ పట్టణము తెలంగాణమునందు నిలువఁగా, దాని చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. రామదాసు గుడి కట్టించిన యీ క్షేత్రము ఇన్ని చేతులు మాఱుటకు మొదటి వ్రాఁత 1860 నాఁటిది. సాలారుజంగు కీర్తిని గానము చేయువారు ఆ సంధియందలి లాభములను లెక్కించి యీ నష్టమును మఱచుచుందురు.

4

పిమ్మట పదునేడేండ్లకుఁ బైగా సాగిన బేరారు ప్రయత్నమే సాలారుజంగు దౌత్యజీవితమునకు సారము. అతని వాదము సరళమైనది. బేరారు అమ్మిన భూమి కాదు, కుదువపెట్టినది. సేనజీతములకు వేఱుగా నమ్మకమైన హామీ చూపినచో కుదువసొమ్ము విడువవలసినదే. అందుకై ధనమును మూలనిధిగా నిలిపెదమని 1872 లో అతఁడు తెలియఁజేసెను, అది త్రోసివేయఁబడెను. అతని యాశ నిరాధారమని చెప్పరాదు. 1831 లో ఆంగ్లేయులు తమ పాలనలోనికిఁ దీసికొనిన మైసూరును ఆ రాజవంశమునకు మఱల నిచ్చుటకు 1867 లో నిశ్చయించిరి. 1881 లో నిచ్చిరి. మైసూరున కొక న్యాయము, బేరారున కొక న్యాయమా యనుట అడుగఁదగిన ప్రశ్నయే.

ఆ ప్రశ్నను అతఁడు తెలివిగా, ఓర్పుతో, మర్యాద తప్పక, ఏండ్లతరబడి అడిగెను. ఒక్కొక్క లేఖయు మునుపటి లేఖకు ముడివడి, సంధిలోని మాటలనే ఆధారముగాఁ గొని నడచును. అయినను అవి యెవరి కెవరు వ్రాసినవి? దివాను రెసిడెంటునకు వ్రాయును. రెసిడెంటు కలకత్తాకు వ్రాయును. కలకత్తావారు లండనునకు వ్రాయుదురు. వాదియొక్క విన్నపము ప్రతివాది గుమస్తా చేతిమీఁదుగా ప్రతివాది కచ్చేరికే చేరును. అందు న్యాయాధిపతి ప్రతివాదియే. 1869 లో నిజాము అఫ్జలుద్దౌలా మరణింపఁగా, మూఁడేండ్లైన నిండని మహబూబు అలీఖాను సింహాసనమెక్కెను. దివాను షంషుల్‌ఉమరాతోఁ గలిసి రాజ్యభారము వహించెను. పంపు ప్రభువు పసివాఁడు. వెళ్లు దూత మహాప్రాజ్ఞుఁడు. కౌటిల్యుని లెక్కచొప్పున నిసృష్టార్థుఁడు. ఆచరణమునఁ బత్త్రము మోయు శాసనహరుఁడు.

1876 లో అతఁడు సముద్రము దాఁటెను. అంతకు ముందు భారతదేశమునకు వచ్చిన వేల్సు యువరాజు అతని నింగ్లండునకు ఆహ్వానించియుండెను. రోము నగరమును జూచి పారిసు చేరినపుడు బసలోని మెట్లమీఁదఁ బడి తొడయెముక విఱుగఁగొట్టుకొనెను. కుర్చీలో మోయించుకొని ఇంగ్లండున సభలకుఁ బోయెను. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము అతనికి న్యాయశాస్త్రమున గౌరవ డాక్టరు బిరుదము నిచ్చెను. లండను నగరము పౌరసత్వగౌరవము నిచ్చెను. రాణి దర్శన మిచ్చెను. ఇన్ని ఇచ్చినవారు బేరారు మాత్రము ఇయ్యలేదు. ఆ యాత్రలో రోమునందుఁ గొనితెచ్చిన పాలరాతి విగ్రహము, ముసుఁగు ధరించిన రెబెక్కా, నేఁడును హైదరాబాదునఁ బ్రదర్శనశాలలోఁ జూడవచ్చును. ముసుఁగు పలుచఁగా నుండి ముఖము కనఁబడునట్లే యుండును, తొలఁగింప వీలులేదు. ఆ యాత్రయందు దివానునకు జరిగిన సత్కారమును ఇంచుమించు ఇట్టిదే.

తిరిగివచ్చినపిదప వైస్రాయి లిట్టను అతనిని శంకతోఁ జూచెను. షంషుల్‌ఉమరా మరణానంతరము 1877 లో దివానునకు ఇష్టము కాని వికారుల్‌ఉమరాను సహపాలకునిగా నియమింపఁజేసెను. 1878 మార్చిలో ఇండియామంత్రి సాలిస్బరి బేరారు విషయము నిజామునకు యుక్తవయస్సు వచ్చుదాఁక విచారణకు రాదని వ్రాసెను. నిజామునకు యుక్తవయస్సు రాకమునుపే, 1883 ఫిబ్రవరి 8వ తేదీని, సాలారుజంగు విషూచిచేఁ గాలధర్మము నందెను. 1902 లో కర్జను బేరారును ఏఁటికి ఇరువదియైదు లక్షల రూపాయలకు శాశ్వతమైన కౌలుగా వ్రాయించుకొనెను. కుదువసొమ్ము కౌలైనది, విడుదల లేనే లేదు.

5

ఇఁక అంద్రాషి. హంగరి దేశము ఆస్ట్రియా చక్రవర్తికి లోఁబడినది. 1848 లో అది స్వాతంత్ర్యమునకై లేచెను. యువకుఁడగు అంద్రాషి ఆ యుద్ధమునఁ బోరాడి, 1849 లో తిరుగుబాటు ప్రభుత్వము పక్షమున తురుష్కరాజధానికి దూతగాఁ బోయెను. తిరుగుబాటు అణఁచివేయఁబడఁగా పారిసు, లండను నగరములలో ప్రవాసమున నుండెను. 1851 లో ఆస్ట్రియావారు అతని కురిశిక్ష విధించి, మనిషి చిక్కనందున పేరును మాత్రము ఉరికంబమున వ్రేలాడఁదీసిరి. అట్టివాఁడు పదునాఱేండ్లకు, 1867 జూను 8వ తేదీని, హంగరి ప్రధానమంత్రియై అదే చక్రవర్తి శిరమున హంగరిరాజుగాఁ గిరీటము నుంచెను. 1871 నుండి 1879 వఱకు ఆస్ట్రియా–హంగరి రాజ్యమంతటికిని విదేశాంగమంత్రియయ్యెను.

ఈ యద్భుతమైన మార్పునకు హేతువు అంద్రాషి చాతుర్యము మాత్రమే కాదు. 1866 లో ఆస్ట్రియా ప్రష్యాచేత నోడిపోయెను; హంగరిని సమాధానపఱుపక గడువదయ్యెను. అట్టి సమయమున హంగరికి ఒక దేశసభ యుండెను. ఆ సభకు ఒక భాష యుండెను. ఇచ్చట మన పండితులు గమనింపవలసిన యంశము గలదు. అంతకుముందు తరతరములుగా హంగరి సభలో వ్యవహారభాష లాటిను. అది పండితులకుఁ దెలిసినది, జనులకుఁ దెలియనిది. 1825 లో కౌంటు ఇష్త్వాను సేచెన్యి యను కులీనుఁడు మగ్యారుభాష నభివృద్ధిచేయు పరిషత్తునకై తన భూములయొక్క యొక యేఁటి యాదాయమును సభలోఁ బ్రకటించి యిచ్చెను. 1844 లో మగ్యారు రాజ్యభాషయయ్యెను. ఇరువదిమూఁడేండ్లకు అంద్రాషి చక్రవర్తితో నొడంబడిక చేసికొనినపుడు అతని వెనుక నుండినది ఈ సభ, ఈ భాష. దూత మాటలాడుచున్నదేమో ఇంటనున్నవారు ఎఱుఁగుదురు. కాదన్నచో ఇంటనున్నవారు లేచెదరని ఎదుటివారును ఎఱుఁగుదురు.

అయినను అంద్రాషి చరిత్రము శుభాంతము కాదు. 1878 జూనులో బెర్లినునఁ గూడిన రాజ్యముల మహాసభలో తురుష్కులకుఁ జెందిన బోస్నియాను ఆస్ట్రియా–హంగరి ఆక్రమించుటకు అనుమతి లభించెను. అంద్రాషికి అది దౌత్యవిజయము. ఆ దేశపు జనులు ఆయుధములతో నెదిర్చిరి. అణఁచుటకు నెలలు పట్టెను. స్వదేశసభలలోనే ఆక్షేపణలు చెలరేఁగెను. 1879 లో జర్మనీతో స్నేహసంధి ముగించి అతఁడు పదవి విడిచెను. 1890 లో మరణించెను. 1908 లో బోస్నియా పూర్తిగాఁ గలుపుకొనఁబడెను. 1914 లో ఆ దేశపు ముఖ్యపట్టణమగు సరాయేవోలోనే మహాయుద్ధమునకు నిప్పంటుకొనెను. 1918 అక్టోబరులో ఆ రాజ్యము కూలుచున్నపుడు విదేశాంగమంత్రిగా వచ్చి, జర్మనీతోడి స్నేహసంధిని రద్దుచేసినవాఁడు అంద్రాషి కుమారుఁడే. అతని పేరును గ్యూలాయే. 1920 సంధివలన హంగరి తన పూర్వభూమిలో మూఁడింట రెండుపాళ్లు కోలుపోయెను. తండ్రి కట్టిన ముడిని కొడుకు విప్పవలసివచ్చెను. విప్పునప్పటికి త్రాడే మిగులలేదు.

6

బెర్లిను సభలో బోస్నియాను ఆస్ట్రియా–హంగరి ఆక్రమింపవచ్చునని ప్రతిపాదించిన యాంగ్లప్రతినిధి యెవఁడు? లార్డు సాలిస్బరి. బేరారు విషయమును వాయిదా వేసిన కొలఁది దినములకే అతఁడు ఇండియామంత్రిత్వమునుండి విదేశాంగమునకు మాఱెను. మార్చిలో సాలారుజంగునకు లేదనినవాఁడు జూనులో అంద్రాషికిఁ దీసికొమ్మనెను. సాలారుజంగు అడిగినది సంధిపత్త్రమునందు తన ప్రభువున కున్న హక్కు. అంద్రాషికి దొరకినది ఏ హక్కును లేని పరదేశము. గుణమునఁ గాని పత్త్రబలమునఁ గాని దివాను తక్కువవాఁడు కాఁడు. అంద్రాషిని కాదన్నచో ఐరోపాఖండమున త్రాసు మొగ్గును; దివానును కాదన్నచో మఱియొక లేఖ వచ్చును. సాలిస్బరికిఁ గలిగిన భేదబుద్ధికి ఇంతకన్నఁ గారణము వెదకఁబనిలేదు.

కావున కౌటిల్యుని విభాగమునకు ఒక పూరణము చేయవలసియున్నది. దూతయొక్క తరగతిని నిర్ణయించునది వాని గుణము మాత్రము కాదు; వాని మాటకు వెనుక నిలుచు జనసమూహము. తిక్కనసోమయాజి తన ప్రభువగు మనుమసిద్ధి పక్షమున ఓరుగల్లున గణపతిదేవుని కొలువునకుఁ బోయి కార్యము సాధించెనను ఐతిహ్యము మనకు ప్రియమైనది. అతఁడే తెనిఁగించిన ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుని రాయబారము గలదు. ఆ రాయబారము అయిదూళ్లైనను సంపాదింపలేదు. అయినను దానిని విఫలమని యెవరు ననరు. ఏలయనఁగా, ఎవరిది న్యాయమో సభయందలి రాజులందఱును వినునట్లు చెప్పఁబడినది. విన్నవారు పిదప తమకుఁ దెలియదని చెప్పఁజాలరైరి. దూతకృత్యమునందు సాధించుట యొకటి, వినిపించుట యొకటి. సాలారుజంగు సాధింపలేదు, వినిపించెనా? ఎవరికి వినిపించెను?

ఇచ్చటనే అతని లోపమును జెప్పక తప్పదు. బేరారు లేఖలు పారసీకమునను ఆంగ్లమునను నడచినవి. హైదరాబాదు రాజ్యపు జనులలో రమారమి సగము తెలుఁగువారు; మిగిలినవారు మిక్కిలిగా మహారాష్ట్రులును, కన్నడిగులును. గ్రామమున పట్వారీ లెక్కలు దేశభాషలలోనే యుండెను. తాలూకా గడప దాఁటినతోడనే పారసీకము. అతని జీవితకాలమున పారసీకమే రాజ్యభాషగా నిలిచినది; అతఁడు గతించిన తరువాత 1884 మొదలుగా దాని స్థానమున నుర్దూ వచ్చినది; తెలుఁగు రాలేదు. తమ రాజ్యమునకు బేరారు పోయినదనియు, భద్రాచలము పోయినదనియు తెలంగాణపు రైతునకుఁ దెలుపు పత్త్రము అతని భాషలో లేదు. జనులెఱుఁగని వాదమునకు జనులు సాక్షులు కారు. హంగరిలో సేచెన్యి ధనముతోఁ బ్రారంభమైన పని హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయముతో 1901 లోఁ గాని, విజ్ఞానచంద్రికామండలితో 1906 లోఁ గాని మొదలు కాలేదు. 1921 లో నొక సభయందుఁ దెలుఁగున మాటలాడఁబోయిన వక్తను ఎగతాళిచేయఁగా, ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టవలసివచ్చెను. సాలారుజంగు గతించి అప్పటికి ముప్పదియెనిమిదేండ్లు.

7

ఇచ్చట రెండు పూర్వపక్షములు రాఁగలవు.

మొదటిది: పరతంత్రరాజ్యపు దివానును స్వతంత్రప్రాయమైన రాజ్యపు మంత్రితోఁ బోల్చుట యన్యాయము, అతఁడు దేశభాషల నుద్ధరించినను ఆంగ్లేయులు బేరారు నిత్తురా? ఇయ్యకపోవుదురేమో. నేను జెప్పునది అందువలన బేరారు వచ్చెడిదని కాదు. అట్లు చేసియుండినచో ఓటమి నిజాము కుటుంబపు టోటమి గాక జనుల కెఱుక గల యోటమి యగును. ఎఱుక గల యోటమి తరువాతి తరమునకు మూలధనము. హంగరివారు 1849 లో నోడినది అట్టి యోటమియే. అందుచేతనే 1867 సాధ్యమైనది.

రెండవది: అంద్రాషి వెనుకఁ జనబలము, భాషాబలము ఉండెనని కొనియాడితివి, ఆ బలమే బోస్నియాను మ్రింగినది గదా? సత్యము. హంగరిలోనే మగ్యారులు సగమునకు లోఁబడినవారు. స్లొవాకులు, రుమేనియనులు, సెర్బులు తమ భాషలకుఁ జోటు చాలలేదని మొఱపెట్టుకొనుచుండిరి. తనకు లాటిను చేసినదానినే మగ్యారు ఇతరులకుఁ జేసెను. కావున బలము ధర్మమునకు బదులు కాఁజాలదు. దివాను వాదమునందును ఈ లోపము లేకపోలేదు. బేరారు ఎవరిదని అతఁడు వాదించెను గాని, ఎవరి పాలన మేలని బేరారు మహారాష్ట్ర రైతును అడిగినవాఁడు కాఁడు. ఆంగ్లేయులును అడుగలేదు. ఆ భూమి నేఁడు మహారాష్ట్ర రాజ్యమున నున్నది. కుదువ పెట్టినవాఁడును, పట్టినవాఁడును చరిత్రమునఁ గలిసిపోయిరి.

కాఁబట్టి రాయబారిని బరీక్షించుటకు మూఁడు గీటురాళ్లు కావలెను: వాని గుణము, వాని వెనుకనున్న జనుల యెఱుక, వాని కార్యమునందలి ధర్మము. మొదటిది ఇరువురియందును నిండుగా నున్నది. రెండవది అంద్రాషియందుఁ గలదు, సాలారుజంగునందు లేదు. మూఁడవది 1867 నాఁటి యంద్రాషియందుఁ గలదు, 1878 నాఁటి యంద్రాషియందు లేదు. దివానునందు సగము గలదు. ఈ తూనికయందు ఓడినవాఁడు గెలిచినవానికన్న లఘువుగాఁ దోఁపఁడు. సాలారుజంగు పొందనిదానివలన ఏ జనులును నశింపలేదు. అంద్రాషి పొందినదానివలన అతని రాజ్యమే నశించెను.

8

మన సీమలో 1800, 1801 సంధులు జరిగినపుడు నగరి నేఁతగానిఁ గాని మదనపల్లె రైతును గాని అడిగినవారు లేరు. 1960 లో తిరుత్తణి మద్రాసు రాజ్యమునకుఁ బోయినపుడు మాత్రము ఇరువైపుల జనులును తమతమ భాషలలో సభలు చేసిరి, మధ్యవర్తి విచారించెను, పార్లమెంటు శాసనము చేసెను. ఆ నిర్ణయము ఒకరికి ఇష్టము, ఒకరికి అనిష్టము. కాని తెలియక జరిగినదని ఎవరును అనఁజాలరు. నూటయేఁబదియేండ్లలో వచ్చిన మార్పు ఇది. ఈ మార్పును దెచ్చినది రాయబారుల చాతుర్యము కాదు; పాఠశాలలు, పత్రికలు, గ్రంథాలయములు.

అందుచేత పండితులకు నా మనవి యొకటి గలదు. మన దేశమును మార్చిన సంధులను, 1766 నాఁటి ఉత్తరసర్కారుల సంధి మొదలుకొని 1800, 1801, 1853, 1860 నాఁటి వానివఱకు, మూలముతో సరిచూచి తెలుఁగున వ్యాఖ్యానసహితముగాఁ బ్రకటింపవలెను. కావ్యమునకు టీక వ్రాయుటయందు మనకుఁ గల శ్రద్ధలో నాలవవంతు వీనికిఁ జాలును. ఒక్కొక్క మాటకు, ఇచ్చితిమి, ఉంచితిమి, అప్పగించితిమి యనువానికి, అర్థభేదమెంతయో గలదు; బేరారు వ్యవహారమంతయు అట్టి మాటల మీఁదనే నడచినది. అర్థనిర్ణయము మన విద్య. దానిని కావ్యములకే కట్టిపెట్టుటవలన మన ఊళ్లు ఏ మాటచేత చేతులు మాఱినవో మనకే తెలియక పోయినది. దివాను ఒంటరిగా చేసిన వాదమును జనులు చదువఁగల భాషలోనికిఁ దెచ్చుట ఇప్పటికైనను ఆలస్యము కాదు.